బోర్డు పెడితే బాధ్యత తీరదు

‘మీ వాహనానికి మీరే బాధ్యులు. యాజమాన్యానికి సంబంధం లేదు.’ ఫంక్షన్ హాలు గోడ మీదో, ఆసుపత్రి సెల్లార్లోనో, పార్కింగ్ చీటీ వెనకో ఈ మాట చూడనివాళ్లుండరు. బండి పోయినవాళ్లు ఆ బోర్డు చూసి, అక్కడ ఇంకెవరినీ అడగకుండా పోలీస్‌స్టేషన్ దారి పడతారు. ఫిర్యాదు ఇవ్వాల్సిందే. కానీ జవాబు చెప్పాల్సినవాళ్లలో ఆ స్థలం యజమాని కూడా ఉండొచ్చు.

1998 ఆగస్టు 1 రాత్రి దిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కి వచ్చిన ఒక అతిథి తన మారుతీ జెన్ కారు తాళాలు కార్లు నిలిపే సిబ్బందికిచ్చి లోపలికెళ్లాడు. ఒంటిగంట ప్రాంతంలో బయటికొచ్చేసరికి కారు లేదు. వేరే కారులో వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు తమ బండి తెమ్మన్నారు. సిబ్బంది ఆ పనిలో ఉండగా ఆ కుర్రాళ్లలో ఒకడు డెస్క్ మీదున్న జెన్ తాళాలు అందుకుని కారుతో ఉడాయించాడు. బీమా సంస్థ కారు యజమానికి 2.80 లక్షల రూపాయలు చెల్లించి, హోటల్ మీద కేసు వేసింది.

చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని రాశాం కదా అన్నది హోటల్ వాదన. 2019 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తాళాలు పుచ్చుకున్నాక కారు కాపాడాల్సింది హోటలే. తగినంత జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సిందీ హోటలే. సొంత నిర్లక్ష్యానికి చీటీ మీది షరతు రక్షణ కాదు. తాళాలు ఎవరి చేతికైనా అందేచోట పడి ఉంటే దొంగది ఎంత తప్పో, అక్కడ ఉంచినవారిదీ అంత తప్పని నా అభిప్రాయం. అయితే ఒకటి గమనించాలి. మన బండి మనమే నిలిపి, తాళాలు జేబులో వేసుకుంటే ఈ తీర్పు నేరుగా అక్కరకు రాదు.

కారు సరే, మనిషి మాటేమిటి? అమెరికాలో దీనికి 1970లోనే జవాబొచ్చింది. వాషింగ్టన్‌లో మసాచుసెట్స్ అవెన్యూ మీది ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో ఓ మహిళ 1959లో అద్దెకు దిగినప్పుడు గుమ్మం దగ్గర ఇరవై నాలుగు గంటలూ కాపలా ఉండేది. తర్వాత అది తగ్గిపోయింది. లోపల దొంగతనాలు, దాడులు పెరిగాయి. యజమానికి ఆ సంగతి తెలుసు. 1966లో ఆమె మీద నడవాలోనే దాడి జరిగింది. అందరూ వాడుకునే నడవాలూ గుమ్మాలూ యజమాని చేతిలో ఉంటాయి, ప్రమాదం ముందే తెలిసినప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందీ ఆయనేనని అప్పీలు కోర్టు తేల్చింది.

మన దగ్గర దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం తెచ్చింది. జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి. మంచి చట్టమే. కానీ కెమెరా నేరం జరిగాక ఎవరు చేశారో చెబుతుంది. ముందే ఆపేవి మెట్ల దగ్గర వెలిగే లైటు, సరిగ్గా పడే గడియ, నిద్రపోని వాచ్‌మన్. అద్దె లెక్కపెట్టుకునే యజమాని ముందు ఈ మూడూ చూడాలి.

పార్కింగ్ చీటీ పారేయకండి, వీలైతే ఫోటో తీసి పెట్టుకోండి. చీకటి సెల్లారు, విరిగిన గేటు గురించి యజమానికి నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వండి. నష్టం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి మీకు రెండేళ్ల గడువుంది.