ప్రీయాంప్లిఫయరు, పవర్ యాంప్లిఫయరుల జోడింపు

హై-ఫై ధ్వని వ్యవస్థలో యాంప్లిఫయరును రెండు విడి పెట్టెలుగా నిర్మించినపుడు, ఆ రెండింటి విద్యుత్ లక్షణాలు ఒకదానికొకటి సరిపోయేటట్లు చూడడాన్ని ప్రీయాంప్లిఫయరు, పవర్ యాంప్లిఫయరుల జోడింపు అంటారు. ఒకే సంస్థ తయారు చేసిన పరికరాలన్నీ ఒకదానితో ఒకటి తప్పక కుదురుతాయనే అభిప్రాయం సాధారణంగా ఉంది. ఇది అన్నివేళలా నిజం కాదు. ఇంగ్లండుకు చెందిన క్వాడ్ ఉత్పత్తుల శ్రేణి ఇందుకు మంచి ఉదాహరణ.

రెండు భాగాల పని

గ్రామఫోను, రేడియో, టేపు వంటి సాధనాలలో కావలసినదానిని ఎంచుకోవడం, శబ్ద తీవ్రతను, స్వరస్థాయిని సరిచేయడం ప్రీయాంప్లిఫయరు పని. గ్రామఫోను నుండి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల సంకేతాన్ని ఇది వోల్టు స్థాయికి పెంచుతుంది. పవర్ యాంప్లిఫయరు ఆ సంకేతాన్ని స్పీకరును నడపగల సామర్థ్యానికి చేరుస్తుంది.

సరిపోల్చవలసిన అంశాలు

* సున్నితత్వం: పవర్ యాంప్లిఫయరు తన పూర్తి సామర్థ్యాన్ని ఇవ్వడానికి కావలసిన ఇన్‌పుట్ వోల్టేజీ. ప్రీయాంప్లిఫయరు ఈ వోల్టేజీని వక్రీకరణ లేకుండా ఇవ్వగలగాలి.
* అవరోధం: పవర్ యాంప్లిఫయరు ఇన్‌పుట్ అవరోధం, ప్రీయాంప్లిఫయరు అవుట్‌పుట్ అవరోధానికి కనీసం పది రెట్లు ఉండడం మంచిది. లేనిచో సంకేతంలో కొంత భాగం నష్టమవుతుంది.
* విద్యుత్ సరఫరా, కనెక్టర్లు: కొన్ని ప్రీయాంప్లిఫయర్లకు స్వంత విద్యుత్ సరఫరా ఉండదు.

క్వాడ్ శ్రేణి

పీటర్ వాకర్ 1936లో స్థాపించిన సంస్థ, అకౌస్టికల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అనే పేరుతో హంటింగ్డన్ పట్టణంలో పనిచేసింది. 1983లో దీని పేరు క్వాడ్ ఎలెక్ట్రోఅకౌస్టిక్స్‌గా మారింది. 1953లో వెలువడిన క్వాడ్ 2 అనే వాల్వు పవర్ యాంప్లిఫయరు 15 వాట్లు ఇచ్చేది. ఇందుకు 1.4 వోల్టుల ఇన్‌పుట్ కావాలి. దీనికి జోడీ అయిన క్యూసీ 2 ప్రీయాంప్లిఫయరు, స్టీరియో కొరకు తరువాత వచ్చిన క్వాడ్ 22, రెండూ తమకు కావలసిన విద్యుత్తును క్వాడ్ 2 నుండే తీసుకొనేవి.

1967లో ట్రాన్సిస్టర్లతో క్వాడ్ 33 ప్రీయాంప్లిఫయరు, క్వాడ్ 303 పవర్ యాంప్లిఫయరు వచ్చాయి. 303 ఒక్కొక్క ఛానెలుకు 45 వాట్లు ఇస్తుంది. దీనికి 0.5 వోల్టు ఇన్‌పుట్ సరిపోతుంది.

ఈ మార్పు వలన పాత, కొత్త పరికరాలు కలవవు. సామర్థ్యం వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక 33 ఇచ్చే నిర్ణీత 0.5 వోల్టుతో క్వాడ్ 2 నుండి 15 వాట్లకు బదులు సుమారు 2 వాట్లే వస్తాయి. అటువైపు 22ను 303కు కలిపితే, దాని వాల్వులకు కావలసిన విద్యుత్తు 303లో లభించదు.

1975లో వచ్చిన క్వాడ్ 405 సామర్థ్యం 100 వాట్లు అయినా, సున్నితత్వం మాత్రం 0.5 వోల్టు వద్దనే ఉంచారు. అందువలన 33 కలవారు ప్రీయాంప్లిఫయరును మార్చకుండానే 405ను వాడుకోగలిగారు.

స్పీకరు పరిమితి

జోడింపు పెట్టెలతో ముగియదు. ఇదే సంస్థ 1957లో తెచ్చిన ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకరు 33 వోల్టుల శిఖర వోల్టేజీ వరకే తట్టుకోగలదు. 303 పూర్తి సామర్థ్యంలో, 8 ఓముల వద్ద, సుమారు 27 వోల్టుల శిఖరాన్ని చేరుతుంది. 405 సుమారు 40 వోల్టులు చేరుతుంది. హద్దు మీరితే స్పీకరు లోపల విద్యుత్ మెరుపులు పుట్టి అది పాడవుతుంది. అందుచేత ఈ స్పీకరుతో 405ను వాడేటపుడు వోల్టేజీని పరిమితం చేసే సర్క్యూటును అమర్చవలసి ఉంటుంది.

తరువాతి కాలపు సాధనాలు

1982లో మార్కెట్టులోకి వచ్చిన సీడీ ప్లేయర్ల గరిష్ఠ అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. ఇది 0.5 వోల్టుకు నాలుగు రెట్లు, అనగా 12 డెసిబెళ్ళు అధికం. పాత యాంప్లిఫయరుకు ఇటువంటి సాధనాన్ని కలిపినపుడు వాల్యూమ్ మీటను కొద్దిగా తిప్పగానే శబ్దం మితిమీరుతుంది. మధ్యలో సంకేతాన్ని తగ్గించే రెండు రెసిస్టర్ల అమరికతో దీనిని సరిచేయవచ్చు.

కనుక పాత పరికరాలను కొనేవారు పేరును, సంఖ్యను, బాహ్య రూపాన్ని మాత్రమే చూడక, సున్నితత్వం, అవరోధం, విద్యుత్ సరఫరా, స్పీకరు పరిమితి అనే నాలుగింటిని తయారీదారు వివరపత్రంలో సరిచూచుకోవాలి.