ఆర్‌సీ పోయినను హక్కు పోదు

2023 జులైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలములోని లక్ష్మీదేవిపేటలో ఒక్క దినముననే దాదాపు 65 సెంటీమీటర్ల వర్షము కురిసి, వాగులు ఊళ్లమీదికి పొంగి వచ్చిన ఆ రోజులను తలచుకొన్నచో, ఇనుపపెట్టెలో దాచిన కాగితమునకైనను భద్రత లేదని బోధపడును. వరద లేకున్నను, మేడారము జాతర జనసమ్మర్దములో పర్సు జారిపోవుట వలననో, చెదలు పట్టుట వలననో బండి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రము) పోవుట కలదు. అప్పుడు యజమాని గ్రహింపవలసినది ఒక్కటే: పోయినది సాక్ష్యపత్రమే కాని స్వామ్యము కాదు. రవాణాశాఖ రికార్డులో యజమాని పేరు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు పదిలముగా నున్నంతవరకు ఆర్‌సీని మరల పొందవచ్చును.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 53వ నియమము ఇందుకు మార్గము చూపుచున్నది. పత్రము ఎచ్చట పోయినదో ఆ పరిధిలోని పోలీసు స్టేషనులో తెలిపి, రిజిస్ట్రేషన్ అధికారికి వ్రాతమూలకముగా విన్నవించి, 26వ నంబరు ఫారముతో నిర్ణీత రుసుము చెల్లింపవలెను. బండి ఫైనాన్సులో నున్నచో అప్పిచ్చినవారి సమ్మతియు కావలెను. బండిపై చెక్కియున్న చాసిస్ నంబరు మీద కాగితమునుంచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి రికార్డుతో సరిచూచుట వాడుక. కావున మట్టియు త్రుప్పును పట్టి ఆ అంకెలు చెరిగిపోకుండ చూచుకొనవలెను.

ఇక బండి సంఖ్య సంగతి. ములుగు 2016 వరకు వరంగల్లులోను, పిమ్మట భూపాలపల్లిలోను ఉండి, 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక జిల్లా యైనది. అందుచేత ఇచ్చటి బండ్లపై ఏపీ 36, టీఎస్ 25, టీఎస్ 37, 2024 తరువాత టీజీ అని నానావిధములైన సంఖ్యలు కానవచ్చును. సంఖ్య పాతబడినంతమాత్రమున చెల్లకపోదు. అయితే సొంతబండికి తొలి రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరములే కనుక, ఆ గడువును ముందుగా చూచుకొనుట యుక్తము.

అసలు చిక్కు వేరొకటి కలదు. తెల్లకాగితముమీద సంతకము చేయించుకొని బండి కొన్నవాడు, రికార్డులో పేరు మార్పించుకొననిచో, ఆర్‌సీ పోయిననాడు తన పేర నకలు కోరజాలడు. ఎక్కడికో వలసపోయిన పాత యజమానిని వెదకి తేవలసి వచ్చును. చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినప్పుడు అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో 29, 30 నంబరు ఫారములతో తెలియజేయవలెను. యజమాని మరణించినచో వారసుడు 30 దినములలో ఆ సంగతి తెలిపి, మూడు నెలలలో 31వ ఫారముతో పేరు మార్పించుకొనవలెను.

పాఠకులారా! ఆర్‌సీని డిజిలాకర్‌లో భద్రపరచుకొనుడు. దానిని అసలు పత్రముతో సమానముగా అంగీకరింపవలెనని కేంద్రప్రభుత్వము 2018లోనే రాష్ట్రములకు సూచించినది. బండి కొన్న వారముననే అమ్మినవానితో కలిసి పేరు మార్పు పని ముగించుకొనుడు. రికార్డులో మీ పేరున్నచో పోయిన పత్రమునకు నకలు కలదు. లేనిచో చేతనున్న పత్రము సయితము పరాయివాని పేరనే ఉండును.