వదినగారితో ఏనుగుల ఊరికి

మనవడికి మూడో నెల రాగానే మా అమ్మాయి, "అమ్మా, నువ్వూ అత్తయ్యా రెండు రోజులు అంబోసెలి చూసి రండి" అంది. నైరోబీ దాకా వచ్చి జంతువుల్ని చూడకుండా వెళ్తారా అని పైకి అన్నమాట. అసలు సంగతి నాకు తెలుసు. పసివాడికి సాంబ్రాణి పొగ వెయ్యాలా వద్దా అని నాకూ మా వియ్యపురాలికీ రోజూ అయ్యే వాదం వినలేకపోయింది! (వద్దన్నది నేనే. ముప్ఫై ఏళ్లు సైన్సు టీచరుగా చేసినదాన్ని. ఆ పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదంటే వింటేగా.)

వదినగారిది తెనాలి. అన్నయ్యగారు పోయాక అంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కడే కొడుకు, అతనే మా అల్లుడు.

మొంబాసా రోడ్డు మీద ఎమాలి దాకా వెళ్లి కుడికి తిరగాలి. నాలుగు గంటల పైనే పట్టింది. ఇంగ్లీషు నాది, ప్రశ్నలు ఆవిడవి. డ్రైవరు మాటిమాటికీ బండిని "గారి" అంటుంటే, "ఎంత మర్యాదస్తుడో, బండిని కూడా గారూ అంటున్నాడు" అన్నారు వదినగారు. స్వాహిలీలో గారి అంటే బండేనట. చాయ్‌నీ, చపాతీనీ మాత్రం మనలాగే అంటారు.

"అదుగో, అక్కడే కిలిమంజారో" అని అతను చూపించినచోట మబ్బులు తప్ప ఏమీ లేవు. 5,895 మీటర్ల కొండ అలా మాయమైపోతుందా అని నాకు ఉక్రోషం వచ్చింది. కొండ ఉన్నది సరిహద్దుకు అవతల, టాంజానియాలో. కానీ అంబోసెలికి ప్రాణం దానివల్లే. అక్కడి వాననీరూ మంచునీరూ భూమిలోకి ఇంకి, ఇక్కడ ఊటలై పైకొస్తాయి. చుట్టూ తెల్లటి దుమ్ము, ఎండిన సరస్సు. మధ్యలో పచ్చటి చిత్తడి నేలలు. జీబ్రాలు, జిరాఫీలు, నీటిగుర్రాలు అన్నీ కనిపించాయి. సింహం కూడా చెట్టు నీడన కనిపించింది. నిద్రపోతోంది, లేవలేదు. దానికోసం అరగంట కూర్చోవడం దండగ.

ఏనుగుల దగ్గర మాత్రం రెండు గంటలున్నాం. చిత్తడిలో కడుపు దాకా మునిగి గడ్డి పీకుతున్నాయి, వీపుల మీద కొంగలు. పదకొండు ఏనుగుల కుటుంబం అది. ముందున్న పెద్దావిడ కదిలితే అన్నీ కదులుతున్నాయి, ఆగితే ఆగుతున్నాయి. బురదలో జారిన బుజ్జిదాన్ని లేపడానికి తల్లికన్నా ముందు ఇంకో రెండు వచ్చాయి. "పిన్నులై ఉంటారు" అన్నారు వదినగారు. నిజమేనట. ఇక్కడి ఏనుగుల్ని 1972 నుంచి సింథియా మోస్ అనే ఆవిడా, ఆవిడ బృందమూ చెవుల అంచుల చిరుగుల్ని బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి రాసుకుంటూ వస్తున్నారు. ఎవరి కూతురు ఎవరో వాళ్ల దగ్గర లెక్కుంది.

"మనం మాట్లాడుకుంటే బెదరవా?" అని వదినగారి సందేహం. డ్రైవరు నవ్వాడు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో మనుషుల గొంతులు రికార్డు చేసి వీటికి వినిపించారట. మసాయి మగవాళ్ల గొంతు వింటే దగ్గరగా చేరి వెనక్కి తగ్గాయి. ఆడవాళ్ల గొంతుకు అంతగా జడవలేదు. ఈటెలు పట్టేది మగవాళ్లే కదా!

ఆడ ఏనుగులు జీవితమంతా తల్లి దగ్గరే ఉంటాయని చెప్తే, "అయితే వీళ్లలో అత్తలే లేరన్నమాట. అదృష్టవంతులు" అని పకపకా నవ్వారావిడ. ఆ తర్వాత డ్రైవరు ఇంకోమాట చెప్పాడు. నేను తెలుగులోకి మార్చలేదు.

"ఏమన్నాడు వదినగారూ?"

"ఏం లేదండీ."

"ఏదో అన్నాడుగా."

చెప్పక తప్పలేదు. "మగపిల్లలు పన్నెండు పద్నాలుగేళ్లు దాటాక గుంపు వదిలి వెళ్లిపోతారట."

ఆవిడ చాలాసేపు ఆ బుజ్జిదాన్నే చూశారు. తర్వాత, "మళ్లీ చూడ్డానికైనా వస్తారేమో అడగండి" అన్నారు. అడిగాను. నీళ్లకోసం అందరూ ఈ చిత్తడికే వస్తారు, ఇక్కడ కలుస్తుంటారు అన్నాడతను. వదినగారు కళ్లజోడు తీసి దుమ్ము తుడుచుకున్నారు.

సాయంత్రానికి ఆ పెద్దావిడ తన వాళ్లను వెంటబెట్టుకుని పార్కు బయటికి నడిచింది. పార్కు 392 చదరపు కిలోమీటర్లే. ఏనుగులు వెయ్యికి పైనే. అవి బతికేది చుట్టూ ఉన్న మసాయివాళ్ల భూముల మీద కూడా. ఉమ్మడిగా ఉన్న ఆ భూములు ఇప్పుడు ముక్కలవుతున్నాయి. కొన్నిచోట్ల పొలాలు, కంచెలు వచ్చాయి. తప్పు మసాయివాళ్లదని నేననను, వాళ్ల పిల్లలకూ చదువులు కావాలి. కానీ టాంజానియాలోని తరంగిరే పార్కులో 1993లో కరువొచ్చినప్పుడు, ముసలి ఆడ ఏనుగులున్న కుటుంబాలే పార్కు దాటి వెళ్లి ఎక్కువమంది పిల్లల్ని దక్కించుకున్నాయి. పాత కరువు వాళ్లకు గుర్తుండి ఉంటుందని పరిశోధకుల మాట. దారి గుర్తున్నా, అడ్డంగా కంచె ఉంటే ఏం చేస్తుంది?

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని ఆ కార్డు భద్రంగా దాచుకోండి. అది లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడి విమానాశ్రయంలో తిప్పలు. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017లోనే నిషేధించారు. పార్కుల్లోకి వాడి పారేసే సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. వదినగారు తెనాలి నుంచి కవర్లో తెచ్చిన కారప్పూస స్టీలు డబ్బాలోకి మారింది. దుమ్ముకు పెద్ద నూలు చున్నీ తప్పనిసరి.

మర్నాడు ఇంకా తెల్లవారకుండానే నన్ను తట్టి లేపారు. "వదినగారూ, లేవండి, కొండొచ్చింది." బయటికి వెళ్తే ఆకాశంలో సగం కిలిమంజారోయే! నెత్తిన మంచు, లేత గులాబీ రంగులో. ఎనిమిదయ్యేసరికి మళ్లీ మబ్బుల్లోకి వెళ్లిపోయింది.

తిరుగు దారిలో బండి చిత్తడి పక్కనుంచి పోతుంటే వదినగారు ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టారు. నా ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

"పోలె పోలె" అన్నారు.

మెల్లగా, మెల్లగా అని.