ఎంఎస్ ఉన్నవారిలో ఆలోచన మందగిస్తే.. ఫోన్ పరీక్షలు ఏం చెబుతాయి? ఏం చెప్పలేవు?

మీరు మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తున్నారనుకుందాం. మల్టిపుల్ స్క్లిరోసిస్, అంటే ఎంఎస్ ఉందని మూడేళ్ల కిందట తేలింది. మందులు వాడుతున్నారు. నడక బాగానే ఉంది. కానీ ఒకప్పుడు పది నిమిషాల్లో సరిచూసిన బిల్లులకు ఇప్పుడు గంట పడుతోంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరేమన్నారో అందడం లేదు. ఇంట్లోవాళ్లు ‘ధ్యాస ఎక్కడ పెట్టావ్?’ అంటున్నారు. యజమాని బద్ధకం అనుకుంటున్నారు.

అది బద్ధకం కాకపోవచ్చు. ఎంఎస్ లక్షణమే కావచ్చు. దాన్ని కొలిచే పరీక్షలు ఇప్పుడు ట్యాబ్‌లోకి, ఫోన్‌లోకి కూడా వచ్చాయి.

ఆలోచన ఎందుకు మందగిస్తుంది?

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఎంఎస్‌లో శరీర రక్షణ వ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. మెదడులో ఒకచోటి నుంచి మరోచోటికి సంకేతాలు నెమ్మదిస్తాయి. వివిధ అధ్యయనాల ప్రకారం ఎంఎస్ ఉన్న పెద్దవారిలో సుమారు 40 నుంచి 65 శాతం మందికి ఆలోచనా వేగం, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల్లో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. తెలివి పోదు. దాన్ని వాడే వేగం తగ్గుతుంది.

పరీక్షలో ఏం చేయిస్తారు?

ఎక్కువగా వాడేది ఎస్‌డీఎంటీ. పైన తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తుకు ఒక్కో అంకె ఇస్తారు. కింద వరుసగా గుర్తులు ఉంటాయి. ఏ గుర్తుకు ఏ అంకో 90 సెకన్లలో వీలైనన్ని చెప్పాలి. దీనికి పదాల జాబితా గుర్తుపెట్టుకోవడం, బొమ్మలు చూసి మళ్లీ గీయడం అనే మరో రెండు పరీక్షలు కలిపితే ‘బైక్యామ్స్’ అవుతుంది. మొత్తం పావుగంట పని.

ఇదే పద్ధతిని అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ ఐప్యాడ్ మీదకు తెచ్చింది. రోష్ కంపెనీ తెచ్చిన ఫ్లడ్‌లైట్ యాప్‌లో గుర్తులు, అంకెల పరీక్షతో పాటు వేళ్ల కదలిక, నడక పరీక్షలు కూడా ఉన్నాయి.

ఫోన్‌లో చేస్తే లాభమేంటి?

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. స్పెషలిస్టు దగ్గరికి ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తే, అక్కడ మాట్లాడే సమయం కొద్ది నిమిషాలే. ఆ రోజు మీరు చురుగ్గా ఉంటే సమస్య బయటపడదు. ఇంటి దగ్గరే అప్పుడప్పుడు చేసిన పరీక్షలు మీ వేగం నెలల తరబడి ఎటు పోతోందో చూపిస్తాయి.

మార్కు ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుంది?

• ఎండ: ఒళ్లు వేడెక్కితే ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా పెరుగుతాయి. మే నెలలో దేవరకొండ నుంచి బస్సులో వెళ్లి, దిగగానే పరీక్ష రాస్తే వచ్చే మార్కు మీ అసలు మార్కు కాకపోవచ్చు.
• అలవాటు: అదే పరీక్షను వెంటవెంటనే చేస్తే మార్కులు పెరుగుతాయి. అది జబ్బు తగ్గడం కాదు.
• చూపు, చేతి వణుకు: స్క్రీన్ తాకడంలో జాప్యం జరిగితే యాప్ దాన్ని ఆలోచనలో జాప్యంగా లెక్కేస్తుంది. అలాంటివారు నోటితో చెప్పే పరీక్ష అడగాలి.
• దిగులు, నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, బీ12 లోపం, కొన్ని మందులు: ఇవీ మార్కు తగ్గిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

భాష సంగతేంటి?

గుర్తులు, అంకెల పరీక్షకు భాషతో పెద్దగా పనిలేదు. కానీ అంకెలు చదవడం రావాలి. పదాల పరీక్షను తెలుగులోకి మార్చేస్తే సరిపోదు. చదువు, వయసును బట్టి మనవాళ్లలో మామూలు మార్కు ఎంతో తెలియాలి. ఈ పని డిమెన్షియా విషయంలో జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షల సెట్ రూపొందించింది. అయితే అది డిమెన్షియా కోసం చేసింది. ఎంఎస్ ఉన్న పాతికేళ్ల యువతికి అవే హద్దులు పెట్టి చూడలేం. అందుకే పక్కవారి మార్కుతో పోల్చుకోకండి. మీ పాత మార్కుతోనే పోల్చుకోండి.

దివ్యాంగుల సర్టిఫికెట్‌కు దీనికి సంబంధం ఏంటి?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి. ఈ చట్టం కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయాలి.

చిక్కు ఇక్కడే ఉంది. ఎంఎస్ తీవ్రతకు డాక్టర్లు ఎక్కువగా వాడే ఈడీఎస్ఎస్ కొలమానంలో 4 దాటాక ప్రధానంగా చూసేది ఎంత దూరం నడవగలరన్నదే. నడక బాగుండి ఆలోచన మందగించినవారి కష్టం కంటికి కనిపించదు. కాగితం మీద లేని కష్టాన్ని నిరూపించడం కష్టం. ఫోన్ స్క్రీన్‌షాట్ సర్టిఫికెట్‌కు ఆధారం కాదు. న్యూరాలజిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు సంతకంతో ఉన్న రిపోర్టు వేరు.

మీరేం చేయాలి?

1. ఎంఎస్ తేలిన తొలిరోజుల్లోనే, లక్షణాలు కుదురుగా ఉన్నప్పుడు ఒక పరీక్ష చేయించుకోండి. తర్వాతి మార్పులన్నిటికీ అదే కొలబద్ద. అమెరికాలోని నేషనల్ ఎంఎస్ సొసైటీ 2018లో చేసిన సిఫార్సు కూడా ఇదే: మొదట్లో ఒకసారి, ఆపై ఏడాదికోసారి.
2. ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు, చల్లని చోట, అలసట లేనప్పుడు చేయండి.
3. ఎస్‌డీఎంటీలో 4 పాయింట్ల తగ్గుదలను చాలా అధ్యయనాలు గమనించదగ్గదిగా తీసుకున్నాయి. అంత తగ్గితే కంగారు పడకుండా డాక్టర్‌కు చూపించండి. మందు మీరే మార్చొద్దు, ఆపొద్దు.
4. రోజువారీ ఇబ్బందులను ఇంట్లోవారితో తేదీలవారీగా రాయించండి. గ్యాస్ స్టవ్ కట్టేయడం మర్చిపోవడం, లెక్క తప్పడం లాంటివి పరీక్షలో పట్టుబడవు.
5. యాప్ వాడే ముందు మీ ఆరోగ్య సమాచారం ఎవరికి వెళ్తుందో చదవండి.

మరోసారి డాక్టర్ ‘ఎలా ఉన్నారు?’ అని అడిగితే నడక గురించి మాత్రమే చెప్పి ఊరుకోకండి. బిల్లులకు గంట పడుతోందని కూడా చెప్పండి.