ఊబకాయపు శస్త్రచికిత్స తరువాత భోజనము, దినచర్య

ఖరగ్‌పూరు వీధులలో తెలుగు వినబడుట క్రొత్త సంగతి కాదు. పందొమ్మిదవ, ఇరువదవ శతాబ్దుల సంధికాలమున బెంగాలు నాగపూరు రైల్వేవారు అచ్చట జంక్షనును, వర్కుషాపును నెలకొల్పిన కాలము నుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములెన్నియో ఆ పట్టణమున స్థిరపడినవి. వారి మనుమలు, మునిమనుమలు నేడు రైల్వేలోనే గాక, చేరువనున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు వంటి పారిశ్రామిక స్థలములందును జీవనోపాధి వెదకుకొనుచున్నారు. తాతలు రోజంతయు బరువులు మోసి, కొలిమి యెదుట చెమటోడ్చి, ఇంటికి వచ్చి పళ్లెము నిండ అన్నము తినిరి. మనుమలలో పలువురు యంత్రము యెదుట నిలుచుండియో, బల్ల యెదుట కూర్చుండియో పనిచేయుచున్నారు. పనికి మోటారు సైకిలుపై పోవుచున్నారు. శ్రమ మారినది గాని పళ్లెము మారలేదు.

దేశమంతట ఇదే స్థితి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన సర్వేను అనుసరించి, 20 సంవత్సరములు నిండినవారిలో నూటికి 28 మందికి పైగా ఊబకాయము, నూటికి 11 మందికి పైగా మధుమేహము కలవారు. వీరిలో అత్యధికులకు ఆహార నియమము, నడక, మందులు చాలును. అవి చాలని కొందరికి మాత్రము వైద్యులు శస్త్రచికిత్సను సూచింతురు. అట్టి శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చినవారు ఎట్లు తినవలెనో, ఎట్లు పనిచేసికొనవలెనో, ఇంటివారు ఎట్లు తోడ్పడవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

శస్త్రచికిత్స ఎవరికి?

శరీరపు బరువును కిలోలలో తీసికొని, దానిని మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించినచో వచ్చు సంఖ్యను బి.ఎం.ఐ. అందురు. 105 కిలోల బరువు, 1.65 మీటర్ల ఎత్తు గలవానికి ఈ సంఖ్య 38.6 అగును. ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము వచ్చుటచే, 27.5 మొదలుకొనియే శస్త్రచికిత్సను సూచింపవచ్చునని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘములు అభిప్రాయపడినవి. అయినను సంఖ్య యొక్కటియే నిర్ణయము కాదు. మధుమేహము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగుట, మోకాళ్ల నొప్పి మున్నగు వాని నన్నిటిని వైద్యులు పరిశీలింతురు. ఇది అందము కొరకు చేయు ఆపరేషను కాదు.

కడుపులో జరుగు మార్పు

ఈ శస్త్రచికిత్సలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది బైపాసు. దీనిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ప్రారంభించెను. నేటి పద్ధతిలో జీర్ణాశయపు పై భాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచి నేర్పరచి, దానిని చిన్న ప్రేగు యొక్క క్రింది భాగమునకు కలుపుదురు. రెండవది స్లీవ్. దీనిలో జీర్ణాశయమున సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టము వలె కుట్టుదురు. ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను పదార్థము ముఖ్యముగా తొలగించిన ఆ భాగముననే తయారగును. కావున మొదటి నెలలలో ఆకలి చాల తగ్గును.

ఇచ్చటనే ఒక సత్యమును గ్రహింపవలెను. శస్త్రచికిత్స ఆకలిని తగ్గించును గాని అలవాటును మార్చజాలదు. ఆపరేషను కొన్ని గంటలలో ముగియును. దాని ఫలము మాత్రము ఇంటి వంటగదిలో, కర్మాగారపు క్యాంటీనులో, పండుగనాటి పంక్తిలో ప్రతిదినము నిలుపుకొనవలసినదే.

మొదటి రెండు నెలలు

కుట్లు మానువరకు ఆహారము మెట్టు మెట్టుగా మారును. మొదట నీరు, పలుచని మజ్జిగ తేట, వడగట్టిన పప్పుకట్టు వంటి ద్రవములు; పిదప పాలు, చిక్కని పప్పుకట్టు; ఆ పిమ్మట మెత్తగా నూరిన ఆహారము; తరువాత మెత్తని ఇడ్లీ, ఉడికిన గ్రుడ్డు, ముళ్లు తీసిన చేప. సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వారములకు మామూలు ఆహారము వచ్చును. ఏ మెట్టున ఎన్ని దినము లుండవలెనో ఆపరేషను చేసిన ఆసుపత్రివారు చెప్పుదురు. ఆకలి లేదని మెట్టు దాటవేయుటయు, ఆశపడి ముందుకు దుముకుటయు రెండును ప్రమాదములే.

ముందు పప్పు, పిదప అన్నము

తెలుగువారి పళ్లెములో అన్నము మధ్యనుండి, తక్కినవన్నియు దాని చుట్టును చేరును. శస్త్రచికిత్స అయినవారు ఈ క్రమమును త్రిప్పివేయవలెను. కడుపులో చోటు కొలదియే గనుక ముందుగా మాంసకృత్తులు గల పదార్థము తినవలెను, తరువాత కూర, చోటు మిగిలినచో అన్నము. దినమునకు 60 గ్రాములకు తక్కువ కాకుండ మాంసకృత్తులు లభింపవలెను. లేనిచో క్రొవ్వుతోపాటు కండయు కరగిపోవును, నీరసము కలుగును.

ఇది అసాధ్యమేమియు కాదు. గ్రుడ్డు ఒకటికి 6 గ్రాములు. 400 మిల్లీలీటర్ల పాలలో 13 గ్రాములు. 100 గ్రాముల చేపలో సుమారు 18 గ్రాములు. 50 గ్రాముల పనీరులో 9 గ్రాములు. 30 గ్రాముల పెసరపప్పులో 7 గ్రాములు ఉండును. రెండు గ్రుడ్లను చేర్చినచో మొత్తము 59 గ్రాములగును. చేపలు విరివిగా దొరకు వంగదేశమున ఇది సులభము. శాకాహారులకు 30 గ్రాముల సోయా గింజల ముద్దలలో సుమారు 15 గ్రాములు లభించును.

ఆ ప్రాంతమున ‘ముడి’ అను మరమరాలు ప్రతి యింటను ఉండును. అవి తేలికగా లోపలికి జారును, కడుపు నిండినట్లు తోచదు, మాంసకృత్తులు స్వల్పము. పని చేయుచు గుప్పెడు గుప్పెడుగా రోజంతయు నములువారు, తాము భోజనము తగ్గించితిమనియే తలంచుచు మరల బరువెక్కుదురు.

ముద్ద చిన్నది కావలెను. నమలుట ఎక్కువ కావలెను. ఒక భోజనమునకు ఇరువది మొదలు ముప్పది నిమిషములు పట్టనిండు. రొమ్ము నడుమ బరువు తోచినంతనే ఆపవలెను. పళ్లెములో మిగిలిన ముద్దను పారవేయుట పాపమని తలంచి మ్రింగినచో, అది వాంతియై వెలికి వచ్చును. తక్కువగా వడ్డించుకొనుటయే దీనికి మందు.

నీరు వేరు, భోజనము వేరు

భోజనముతో నీరు త్రాగరాదు. తిన్న పిదప అరగంట ఆగి త్రాగవలెను. కాని దినము మొత్తము మీద లీటరున్నరకు తగ్గకుండ నీరు లోనికి పోవలెను. ఒక్కసారిగా చెంబెడు త్రాగుట ఇక సాధ్యము కాదు కనుక, సీసా దగ్గర నుంచుకొని గుటక గుటకగా త్రాగుటయే మార్గము. వేసవిలో షెడ్డులలో పనిచేయువారు షిఫ్టుకు ముందునుండియే ఆరంభింపవలెను. దాహము వేసిన పిదప త్రాగుదమన్నచో ఆలస్యమగును. నీరు చాలనిచో తల తిరుగును. మూత్రపిండములలో రాళ్లు చేరుటకును అవకాశము కలదు.

కర్మాగారములో

ఉదయపు షిఫ్టువారికి తెల్లవారకముందే ఏదో మ్రింగి పరుగెత్తుట అలవాటు. అది మానవలెను. పావుగంట ముందు లేచి, ఒక గ్రుడ్డో, చిన్న పెసరట్టో నిదానముగా తిని బయలుదేరవలెను. క్యారియరులో పెద్ద గిన్నె బదులు రెండు చిన్న గిన్నెలు ఉంచుకొన్నచో, విరామమున ఒకటి, షిఫ్టు ముగియునప్పుడు ఒకటి తినవచ్చును. రాత్రి షిఫ్టువారు నిద్ర మేల్కొనుటకై చక్కెర వేసిన తేనీరు, బిస్కెట్లు మాటిమాటికి తీసికొనుచుందురు; అవి వారికి పనికిరావు. బరువు లెత్తు పనికి ఎప్పుడు తిరిగి పోవచ్చునో వైద్యుని అడిగి, ఆ సంగతి మేస్త్రీకి ముందుగా చెప్పవలెను.

తీపి, మద్యము

రసగుల్లాయు, మిష్టిదోయియు వంగదేశపు మర్యాదలు. బైపాసు అయినవారు పాకముతో కూడిన మిఠాయి తినినచో, చక్కెర తిన్నగా ప్రేగులోనికి దిగును. పది మొదలు ముప్పది నిమిషములలో గుండె దడ, చెమట, కడుపులో నులి, విరేచనములు కలుగును. దీనిని డంపింగ్ అందురు. కొందరికి ఒకటి మొదలు మూడు గంటల పిదప రక్తములో చక్కెర పడిపోయి వణకు, కన్నులు చీకట్లు క్రమ్ముట సంభవించును. యంత్రము వద్ద నున్నవానికి ఇది ఎంతటి అపాయమో చెప్పనక్కరలేదు. స్లీవ్ అయినవారికిని ఇది కొంతవరకు రావచ్చును.

మద్యము సంగతి ఇంకను కఠినము. శస్త్రచికిత్స తరువాత అది వేగముగా రక్తములో చేరును. పూర్వము తట్టుకొన్న మోతాదే ఇప్పుడు స్పృహ తప్పించును. పొగ త్రాగుట వలనను, దుకాణములలో చీటీ లేకుండ కొను ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రల వలనను కుట్టిన చోట పుండ్లు పడును.

మరువరాని మాత్రలు

బరువు తగ్గి, దుస్తులు వదులై, అందరు మెచ్చుకొను కాలముననే పెద్ద పొరపాటు జరుగును. “నాకిప్పుడు బాగుగానే ఉన్నది, ఈ మాత్రలెందుకు?” అని విటమిను మాత్రలు మానివేయుదురు. బి-12 విటమిను శరీరమున నిలువ యుండును గనుక లోపము వెంటనే తెలియదు. ఏండ్లు గడచిన పిదప అరికాళ్లు తిమ్మిరెక్కుట, నడక తూలుట, మతిమరుపు మొదలగును. ఆలస్యమైనచో నరములకు కలిగిన నష్టము పూర్తిగా తీరకపోవచ్చును. అట్లే ఇనుము తగ్గి రక్తహీనతయు, కాల్షియము, డి విటమిను తగ్గి ఎముకల బలహీనతయు కలుగును. కావున ఈ మాత్రలు జీవితాంతము వలసినవే. ఇనుపధాతు మాత్రకును కాల్షియము మాత్రకును రెండు గంటల ఎడముండవలెను. ఇనుపధాతు మాత్రను తేనీటితో తీసికొనరాదు. రక్తపరీక్షలు మొదటి సంవత్సరమున పలుమార్లును, పిదప ఏటేటను చేయించుకొనవలెను.

మధుమేహపు మందులు, ఇన్సులిన్, రక్తపుపోటు మాత్రలు తరచుగా తగ్గించవలసి వచ్చును. అది వైద్యుని పని; రోగి తనంతట మానరాదు, పాత మోతాదునే కొనసాగించరాదు. మూడవ నెల మొదలు జుట్టు రాలుట కలదు. మాంసకృత్తులు సరిగా అందినచో చాలమందికి అది మరల వచ్చును. స్త్రీలు పండ్రెండు మొదలు పదునెనిమిది నెలల వరకు గర్భము ధరింపకుండుట మేలు. బైపాసు అయినవారికి గర్భనిరోధక మాత్రలు పూర్తిగా పనిచేయకపోవచ్చును గనుక వేరు పద్ధతిని డాక్టరు నడుగవలెను.

ఇంటివారు చేయదగిన సహాయము

మన యిండ్లలో ప్రేమను ముద్దలతో కొలుతురు. “బాబూ, చిక్కిపోయితివి, ఇంకొక్క ముద్ద తినుము” అని తల్లి అనినచో కాదనుట ఏ కొడుకునకును సులభము కాదు. మాతాపూజకు, ఉగాదికి, పెండ్లిండ్లకు బంధువులు విస్తరి ముందు కూర్చుండబెట్టి బలవంతపెట్టుదురు. శస్త్రచికిత్స అయినవానికి ఆ ముద్ద ప్రేమ కాదు, బాధ. వాని పళ్లెము చిన్నదైనను తప్పుపట్టక, ప్రక్కన కూర్చుండి మాటలాడుచు నిదానముగా తిననిచ్చుటయే నిజమైన ఆదరణ.

శస్త్రచికిత్స అయినది గృహిణికైనచో కష్టము మరియొక విధము. అందరికిని వడ్డించి, పిల్లలు విడిచినది వ్యర్థము కారాదని నిలుచుండియే నోట వేసికొనుట ఆమె అలవాటు. ఆమె తన పళ్లెమును వేరుగా తీసి ఉంచుకొని, కూర్చుండి తినునట్లు ఇంటివారు చూడవలెను.

రెండవ సంవత్సరము దాటిన పిదప కొంత బరువు తిరిగి వచ్చుట పలువురికి సహజము. దానికి సిగ్గుపడి ఆసుపత్రికి పోవుట మానరాదు. అది దోషము కాదు. నియమమును, మందులను సరిచూచుకొనవలసిన సమయము.

వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణములు

జ్వరము, గుండె వేగము, కడుపులో తీవ్రమైన నొప్పి, ఊపిరాడకుండుట, ఒక కాలు వాచుట, నల్లని విరేచనము: వీనిలో ఏది కనబడినను తెల్లవారుదాక ఆగరాదు. కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి వచ్చుచుండినచో పిత్తాశయమున రాళ్లున్నవేమో చూపించుకొనవలెను. బరువు త్వరగా తగ్గువారికి అవి ఏర్పడుచుండును.

ఆగని వాంతులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. కొలది వారములలోనే బి-1 విటమిను నిలువ తరగిపోవును. చూపు రెండుగా కనబడుట, నడక తూలుట, మాట తడబడుట దాని గురుతులు. అట్టివానికి బి-1 ఇవ్వకుండ గ్లూకోజు ఎక్కించినచో మెదడుకు హాని కలుగవచ్చును. ఖరగ్‌పూరు నుండి హౌరాకు రైలు మార్గమున 115 కిలోమీటర్లు. పెద్ద నగరమున ఆపరేషను చేయించుకొనినవాడు అర్ధరాత్రి చేరునది సొంత ఊరి ఆసుపత్రికే. అచ్చటి డాక్టరు వాని కడుపును చూచి లోపలి మార్పును తెలిసికొనజాలడు. అందుచే ఏ ఆపరేషను, ఏ తేదీన, ఎచ్చట జరిగినదో వ్రాసిన చీటీని ఎల్లప్పుడు జేబులో ఉంచుకొనవలెను. ఇంటివారికిని ఆ సంగతి తెలిసియుండవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. ముందు మాంసకృత్తులు, పిదప కూర, చివర అన్నము.
2. చిన్న ముద్ద, ఎక్కువ నమలుట, నిండినంతనే ఆపుట.
3. భోజనము పిదప అరగంట వరకు నీరు త్రాగరాదు; దినమంతయు గుటక గుటకగా త్రాగవలెను.
4. విటమిను మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతము.
5. పొగాకు, మద్యము, చీటీ లేని నొప్పి మాత్రలు వర్జనీయములు.
6. ప్రతిదినము నడక.
7. జేబులో ఆపరేషను చీటీ.

ఈ ఏడు నియమములను పాటించుటకు ధనము కంటె శ్రద్ధ ఎక్కువగా వలయును. మోకాలి నొప్పి తగ్గి ఓవరుబ్రిడ్జి మెట్లు సునాయాసముగా ఎక్కగలుగుట, గురక లేని నిద్ర, బిడ్డలతో సమానముగా నడచుట: ఇవియే దాని ప్రతిఫలము.