పిల్లలకును మనాది కలుగును

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో మనసున గూడుకట్టుకొన్న దిగులును 'రంది' అందురు. అది ముదిరి మనిషిని తినివేయునపుడు 'మనాది' అందురు. ఈ మాటలు అప్పులపాలైన రైతును గూర్చియో, కొడుకును దుబాయికి పంపిన తల్లిని గూర్చియో వినబడును. పదమూడేండ్ల పిల్లవానికి మనాది యనినచో పెక్కురు నవ్వుదురు.

ఇట్లు నవ్వినవారు పల్లెవాసులే కారు. ఇరువదవ శతాబ్ది నడుమవరకు పాశ్చాత్య మనోవైద్యులలోనే పలువురు, మనసు పరిణతి చెందని వయసున ఈ వ్యాధి రానేరదని వాదించిరి. తల్లికి దూరమైన పసికందులు మొదట ఏడ్చి ఏడ్చి, పిమ్మట ముఖము తిప్పుకొని ఉలుకుపలుకు లేక పడియుండుటను రెనే స్పిట్జ్ 1946లో వర్ణించెను. అయినను ఆ వాదము వెంటనే సడలలేదు. నేడు దానిని పట్టుకొని వ్రేలాడు వైద్యులు లేరు. ఇండ్లలో మాత్రము అది ఇంకను బ్రతికియున్నది.

దానికి కారణము లేకపోలేదు. పిల్లలు తమ దిగులును దిగులని చెప్పుకొనజాలరు. అది చిరాకుగా, ఎదురుమాటగా బయటపడును. బడివేళకు కడుపునొప్పి వచ్చును. నిన్నటిదాక కబడ్డీకై పరుగెత్తినవాడు గడప దాటడు. నిద్ర చెడును, మార్కులు తగ్గును. ఇంటివారు దీనికి పెట్టు పేరు బద్ధకము, లేదా పొగరు. ఇప్పుడు ఫోను పిచ్చి. ఒకనాటి అలుక వేరు. రెండు వారములు దాదాపు ప్రతిదినము ఇదే తీరుగా నున్నచో వైద్యునికి చూపవలెను.

బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో నడిపిన జాతీయ సర్వేలో, పరిశీలించిన 13–17 ఏండ్ల వారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కనబడినది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు లేవు గనుక ఆ అంకెను కామారెడ్డికి అంటగట్టుట న్యాయము కాదు.

మనకు దగ్గరి ప్రయత్నము విజయవాడది. అచ్చటను ఢిల్లీలోను మురికివాడలలో 10–19 ఏండ్ల వారికై 'ఆర్టెమిస్' అను పరిశోధన జరిగినది. ఈ వ్యాధి పట్ల జనులకు గల చిన్నచూపును పోగొట్టుట దాని పనిలో ఒక భాగము. ఆశా కార్యకర్తలకును ప్రాథమిక వైద్యులకును శిక్షణనిచ్చి, అపాయములో నున్న పిల్లలను చికిత్సకు చేర్చుట మరియొకటి. మాకు ఈ రెండవదియే మిక్కిలి నచ్చినది. ఎల్లారెడ్డి పల్లెలలోను ఆశా కార్యకర్త గడప గడప నెరిగినదే గదా.

చికిత్స ఫలించునా? అమెరికాలో 439 మంది కౌమారులపై జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో, మందును మాటల చికిత్సను కలిపి ఇచ్చినవారిలో నూటికి 71 మంది పన్నెండు వారములలో బాగుగా మెరుగుపడిరి; ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో 35 మంది. మందు వైద్యుని చేతిమీదుగనే, మొదటి వారములలో కనిపెట్టి చూచుచు వాడవలెను.

పిల్లవాడు చావును గూర్చి మాటాడినచో తల్లిదండ్రులు ఆ ప్రసంగమును దాటవేయుదురు. అడిగిన లేని తలంపు పుట్టునని భయము. పరిశోధనలు ఆ భయమునకు ఆధారము చూపలేదు. సూటిగా, మెల్లగా అడుగవలెను. ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలను ఆనాడే ఇంటినుండి తొలగించి తాళము వేయవలెను. 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. పిల్లలు తామే చేసికొనవచ్చును.