గూగూడు మొక్కు

33 ఏళ్ళనాటి బాకీ ఒకటి తీర్చడానికి 2025 జూలై మొదటివారంలో నేను గూగూడు వెళ్ళాను. బాకీ నాది కాదు, మా అమ్మది. ఇచ్చినవారు కుళ్ళాయిస్వామి. హామీగా నిలిచిన వస్తువును మాత్రం నేనే!

1992లో, నా మూడో ఏట, నాకు జ్వరం పట్టుకుని ఎంతకీ విడవలేదట. పీర్ల పండుగ రోజులు. అమ్మ నన్ను భుజాన వేసుకుని గూగూడు చేరి, బిడ్డ బతికితే బిడ్డెత్తు బెల్లం చదివిస్తానని మొక్కుకుంది. నేను బతికాను. ఆ తరువాత నాన్నగారికి బెంగుళూరులో ఉద్యోగమయింది. మొక్కు ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. నాన్నగారు పోయారు, అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఈ వేసవిలో ఒకనాడు, "నేను కన్నుమూసేలోగా ఆ బెల్లమేదో ముట్టజెప్పి రా, కుళ్ళాయప్పా!" అంది. బళ్ళో వేసేటప్పుడు నాన్నగారు మార్చేశారు గాని, జ్వరం తగ్గాక అమ్మ నాకు పెట్టుకున్న పేరు అదే.

"బిడ్డెత్తు అంటే అప్పటి బిడ్డా, ఇప్పటి బిడ్డా, అత్తయ్యా?" అని మా ఆవిడ అడిగింది. అప్పుడు నేను 12 కిలోలుంటే గొప్ప. ఇప్పుడు 78.

అమ్మ నవ్వలేదు. "అదీ స్వామినే అడగమను" అంది.

సందేహం తీరేదాకా ఉండనీ అని 12 కిలోల బెల్లం సంచికెత్తుకుని రైలెక్కాను.

అనంతపురం నుంచి నార్పల దాకా, అక్కడి నుంచి గూగూడుకు బస్సు ప్రయాణం. బండలు తేలిన గుట్టలు, ఎర్రనేలలు, బోరు పలికినచోట చీనీ తోట, పలకనిచోట బయలు. పడమటి కనుమల చాటున ఉండడంవల్ల నైరుతి మేఘాలు ఈ సీమను సరిగా పలకరించవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. అదైనా వేళకు కురిస్తేనే వేరుసెనగ. మేం వెళ్ళేసరికి దున్నిన చేలు దున్నినట్టే ఉన్నాయి, విత్తనం పడలేదు.

పీర్ల పండుగకు ఒక ఋతువంటూ లేదు. హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణిబట్టి నడుస్తుంది గనుక మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒకప్పుడు కోతల్లో, ఒకప్పుడు చలిలో, ఒకప్పుడు మండుటెండలో వస్తుంది. 33 ఏళ్ళకు మళ్ళీ మొదటి చోటికి చేరుతుంది. అమ్మ మొక్కుకున్నదీ జూలైలోనే, నేను తీర్చబోయేదీ జూలైలోనే. స్వామి ఒక చుట్టు తిరిగివచ్చి గుమ్మంలో నిలబడినట్టనిపించింది.

కుళ్ళాయి అంటే టోపీ. కన్నడరాజు కొలువులో శ్రీనాథుడంతటివాడు పెట్టుకోవలసి వచ్చిందని చాటువుల్లో చెప్పుకునే ఆ కుళ్ళాయే. ఈ జిల్లాలో కుళ్ళాయప్పలూ కుళ్ళాయమ్మలూ ఇంటింటా ఉన్నారు. పేరునుబట్టి మతం చెప్పడం కష్టం. ఈ పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ ఇంగ్లీషులో ఒక పరిశోధన గ్రంథమే రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు అచ్చువేశారు.

గూగూడులో దిగేసరికి ఇసకవేస్తే రాలని జనం. ఆంజనేయస్వామి గుడి, పీర్ల మకానం దగ్గర దగ్గరగానే ఉన్నాయి. బెల్లం మోసుకుని వరుసలో నిలుచున్నాను. గంట గడిచింది. తెచ్చుకున్న సీసాలో నీళ్ళయిపోయాయి. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయి. సంచి దించితే వరుస పోతుంది, మోస్తే నేను పోయేటట్టున్నాను.

"నీళ్ళు తాగు నాయనా!"

బిందె చంకన పెట్టుకుని ఒక ముసలమ్మ. చెంబుతో ఒకసారి పోసింది, మళ్ళీ పోసింది.

"చాలవ్వా, మిగతావాళ్ళకు వద్దా?" అన్నాను.

"తాగు సామీ. ఈ పొద్దు నీళ్ళు కొలిచి పోయగూడదు" అంది.

మాటల్లో తెలిసింది. ఆమె కొడుకు వేయించిన రెండు బోర్లూ ఎండిపోయాయి. విత్తనకాయలు వలిచి ఇంట్లో పెట్టుకుని వాన కోసం చూస్తున్నారు. తెల్లవారకముందే లేచి మోసుకొచ్చిన నీళ్ళు ఇవి.

"మీకే కరువు గదవ్వా!"

"కరువు గాబట్టే నాయనా. దప్పికంటే ఏందో మాకు దెలుసు. ఆ సామి బిడ్డలు గుక్కెడు నీళ్ళకు అల్లాడినారంట గదా!"

ఇరాక్‌లోని కర్బలా కథ ఆమెకు ఎవరు చెప్పారో! క్రీస్తుశకం 680లో ప్రవక్త మనుమడు హుసేన్‌ను, ఆయన పరివారాన్ని శత్రువులు చుట్టుముట్టి, యూఫ్రటీసు నది నీళ్ళు అందకుండా చేశారు. మొహర్రం పదోనాడు ఆయన అమరుడైనాడు. ఆ నది ఎక్కడుందో ముసలమ్మకు తెలియకపోవచ్చు. ఆ దప్పిక మాత్రం ఆమెకు పొరుగింటిదే.

లోపల దట్టీల మధ్య పీర్లు మెరుస్తున్నాయి. ముజావరుకు సంచి అందించి, తూకం సంగతి విన్నవించుకున్నాను. ఆయన చిన్నగా నవ్వి, "మీ అమ్మ మొక్కింది ఎత్తుకొచ్చిన బిడ్డకు. ఆ బరువే బాకీ. తరువాత పెరిగిందంతా స్వామి ఇచ్చింది. దానికి లెక్క రాయరు" అన్నాడు. ఫాతెహా చదివి, పిడికెడు బెల్లం ఉంచుకుని, తక్కింది నా చేతికే ఇచ్చి పంచమన్నాడు.

బయట నా బెల్లం గంటలో చెల్లింది. మొదటి ముక్క ముసలమ్మకే. ఆమె దాన్ని బిందెలో వేసి కలియబెట్టింది. ఆమె నీళ్ళు, నా బెల్లం కలిసి పానకమయినాయి. వచ్చినవారి నుదుట కుంకుమ ఉందా, తలమీద టోపీ ఉందా అని ఇద్దరం చూడలేదు.

ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు. తెల్లవారుజామున కుళ్ళాయిస్వామి పీరును ఎత్తుకున్నాయన అగ్నిగుండం మీదుగా నడిచాడు, వెనుక భక్తులు. వేడికి నేను పది అడుగులు వెనక్కి జరిగాను. ఆ తరువాత జలధికి స్వాములు కదిలారు. అంతదాకా కేకలు పెట్టిన గొంతులు ఒక్కసారిగా బొంగురుపోయాయి.

ఇంటికి వచ్చి అమ్మ చేతిలో బెల్లం ముక్క పెట్టాను. కళ్ళకద్దుకుంది. బరువు సంగతి అడుగుతుందని సమాధానం సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

"అక్కడ వాన పడిందా?" అంది.